ఈ నంబరు ఎవరిది?

2017 మే 18న యూరోపియన్ కమిషన్ ఫేస్‌బుక్ మీద 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2014లో వాట్సాప్‌ను కొంటున్నప్పుడు కమిషన్ ఆ కంపెనీని ఒక మాట అడిగింది. మీ ఖాతాలనూ వాట్సాప్ ఖాతాలనూ పక్కపక్కన పెట్టి, ఇదీ అదీ ఒకే మనిషివని గుర్తుపట్టగలరా? నమ్మదగ్గ తీరులో, యంత్రమే చేసుకుపోయేలా అది కుదరదని కంపెనీ జవాబిచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 2016 ఆగస్టులో, వాట్సాప్ తన షరతులు మార్చి వాడకందార్ల ఫోన్ నంబర్లను ఫేస్‌బుక్ ఖాతాలతో జోడించే దారి తెరిచింది. అలా జోడించే వీలు 2014లోనే ఉందనీ, ఆ సంగతి కంపెనీ సిబ్బందికి తెలుసుననీ కమిషన్ తేల్చింది. కొనుగోలుకు ఇచ్చిన అనుమతి చెక్కుచెదరలేదు. జరిమానా పడింది తప్పు సమాచారం ఇచ్చినందుకు.

రెండు జాబితాల్లో ఉన్నది ఒకే మనిషా అన్న ప్రశ్న అంత పెద్ద గుమ్మం తొక్కింది. అదే ప్రశ్న ఇవాళ మంగళగిరిలోనో పోచంపల్లిలోనో చీరలు అమ్ముకునే చిన్న ఆన్‌లైన్ దుకాణం ముందూ ఉంది. ఆర్డర్లు వెబ్‌సైటులో ఒక చోట పోగవుతాయి. అందులో పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఏ చీర ఎప్పుడు కొన్నారన్న వివరం ఉంటాయి. కొత్త డిజైన్ల ఫొటోలు వెళ్లే వాట్సాప్ లిస్టు ఇంకో చోట ఉంటుంది. అందులో ఒక నంబరు, దాని పక్కన ఏదో ఒక పేరు, అంతే. ఈ రెండూ కలిస్తే దుకాణానికి చాలా లాభాలున్నాయి. నిన్న చీర కొన్నావిడకు అదే చీర ప్రకటన ఇవాళ మళ్లీ పంపకుండా ఉండొచ్చు. పాత కస్టమర్లకు పండగ ధర ముందుగా చెప్పొచ్చు. వీటన్నిటికంటే నాకు న్యాయంగా తోచే అవసరం ఒకటుంది. ‘అండీ, మొన్న తీసుకున్న చీర అంచు రంగు దిగింది’ అని మెసేజి వచ్చినప్పుడు అది ఏ ఆర్డరో దుకాణానికి వెంటనే తెలియాలి. అసలే బాధపడుతున్న మనిషి చేత ఆర్డరు నంబరు వెతికించకూడదు.

ఈ పని ఎలా చెయ్యాలన్న దాని మీద ఎనభై ఏళ్లుగా ఆలోచన సాగుతోంది. గణాంకవేత్తలు, కంప్యూటరు శాస్త్రజ్ఞులు, ప్రకటనల కంపెనీలు, కోర్టులు తలా ఒక వైపు నుంచి దీన్ని పట్టుకున్నారు. అవన్నీ చూశాక నేను చేరిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను: దుకాణం ఊహించి కలపకూడదు, కస్టమరు చేతే కలిపించుకోవాలి. ఎందుకో తెలియాలంటే ఈ కలపడం ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో చూడాలి.

వాట్సాప్‌లో మనిషికి ఆనవాలు ఫోన్ నంబరే కాబట్టి అందరూ ముందు దాన్నే పట్టుకుంటారు. అంతర్జాతీయ ప్రమాణం ఇ.164 ప్రకారం దేశం కోడుతో కలిపి నంబరు 15 అంకెలు దాటదు. మన కోడు 91, ఆపైన పది అంకెలు. మొబైల్ అయితే మొదటి అంకె 6, 7, 8, 9లలో ఒకటి. వాట్సాప్ వైపు నుంచి నంబరు ఎప్పుడూ దేశం కోడుతో సహా వస్తుంది. దుకాణం వైపు ఆ క్రమశిక్షణ ఉండదు. చెక్‌అవుట్ పేజీలోని ఫోన్ గడి ఏది రాసినా ఒప్పుకునేదైతే ఒకరు పది అంకెలు రాస్తారు, ఒకరు ముందు సున్నా పెడతారు, ఒకరు ప్లస్ 91 వేసి మధ్యలో ఖాళీ వదులుతారు, ఇంకొకరు రెండు నంబర్లు రాసి మధ్యలో అడ్డగీత గీస్తారు.

ఆ ఆర్డర్ల ఫైలు తర్వాత ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. అక్కడ జరిగేది దగ్గరగా చూడాలి. 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరును ఎక్సెల్ లెక్కకు వాడే సంఖ్య అనుకుంటుంది. 9.19877 అని చూపించి, పక్కన ‘ఇ’ అక్షరం, ప్లస్ గుర్తు, 11 పెడుతుంది. గడి లోపల అసలు అంకెలు అప్పటికి భద్రంగానే ఉంటాయి. కాని ఆ ఫైలును అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే కంటికి కనిపించేదే ఫైల్లోకి పోతుంది. మొదటి ఆరు అంకెలు మిగులుతాయి, మళ్లీ తెరిస్తే వాటి వెనక ఆరు సున్నాలుంటాయి. ఒకే సిరీస్ నంబర్లున్న కస్టమర్లందరికీ అప్పుడు నంబరు ఒకటే అయిపోతుంది. ఆ ఫైలుతో జత కలిపితే ఒకరి ఆర్డరు వివరాలు ఇంకొకరి పేరు మీద చేరతాయి, ఎక్కడా ఎర్రర్ అని కూడా రాదు. ఫైలు తెరవకముందే ఆ వరుసను టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోవడం దీనికి తేలికైన విరుగుడు. చిన్న జాగ్రత్తే, అయినా లిస్టులు పాడయ్యే కారణాల్లో దీన్నే నేను ముందు పెడతాను.

రూపాలు వేరుగా ఉన్నాయి కదా, రెండు వైపులా చివరి పది అంకెలు చూసి కలిపేద్దాం అనేది చాలామంది వాడే చిట్కా. కస్టమర్లందరూ ఇండియాలోనే ఉంటే అది బాగానే పనిచేస్తుంది. తెలుగు దుకాణాలకు మాత్రం అది ప్రమాదం. అమెరికా నంబరు కూడా దేశం కోడు తీసేస్తే పది అంకెలే. తెలుగువాళ్లు గుంపుగా ఉండే న్యూజెర్సీ ఎడిసన్‌లో నంబర్లు 732తో మొదలవుతాయి, డాలస్ చుట్టుపక్కల 972తో మొదలవుతాయి. ఇక్కడి మొబైల్ నంబర్లు కూడా 7తోనూ 9తోనూ మొదలవుతాయి. కోడు కత్తిరించిన మరుక్షణం ఎడిసన్‌లో ఉన్న ఒకరూ ఏలూరులో ఉన్న ఇంకొకరూ ఒకే నంబరు వాళ్లు కావచ్చు. కోడు తీసెయ్యడం కాదు, లేని చోట చేర్చడం సరైన పని. ఏ దేశం కోడు చేర్చాలో ఆర్డరులోని బిల్లింగ్ దేశాన్ని చూసి నిర్ణయించాలి. బ్రెజిల్, మెక్సికో, అర్జెంటీనా నంబర్లలో వాట్సాప్ లోపలి రూపానికీ డయల్ చేసే రూపానికీ ఒక అంకె తేడా వచ్చే సందర్భాలున్నాయి. మన దుకాణాలకు ఆ బెడద తక్కువ.

అన్ని మెసేజింగ్ సేవలూ నంబరు ఇవ్వవు. ఫేస్‌బుక్ మెసెంజర్‌లో ఒక మనిషి ఒక పేజీకి మెసేజి పెడితే ఆ పేజీకి మాత్రమే చెల్లే ఒక గుర్తింపు సంఖ్య దొరుకుతుంది. అదే మనిషి పక్క పేజీకి రాస్తే అక్కడ సంఖ్య వేరు. టెలిగ్రామ్‌లో బాట్‌కు మెసేజి పెట్టినవాళ్ల నంబరు, వాళ్లు తమంతట తాము షేర్ చేస్తే తప్ప కనిపించదు. ఈ అడ్డు కావాలని కట్టినదే, మంచి అడ్డే. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మేవాళ్లకు కొనుగోలుదారు నంబరు దొరక్కుండా మరుగుపరచడం కూడా ఈ కోవలోదే. అందుకే పార్సిల్‌లో ‘మాకు వాట్సాప్ చెయ్యండి’ అని చీటీ పెట్టి పంపడం అలవాటైంది.

నంబరు లేనప్పుడు పేరూ ఊరూ చూసి పోల్చడం మొదలవుతుంది. ఆ విద్య జనన మరణాల లెక్కల దగ్గర పుట్టింది. ఒక మనిషి జీవితంలో వేర్వేరు చోట్ల పడే రికార్డులన్నిటినీ ఒక పుస్తకంలా కూర్చాలన్న ఆలోచనను 1946లో అమెరికాలో హాల్బర్ట్ డన్ రాశాడు. 1959లో కెనడాలో హోవర్డ్ న్యూకోంబ్ బృందం బ్రిటిష్ కొలంబియా జనన, వివాహ రికార్డులను కంప్యూటరు చేత కలిపించి ‘సైన్స్’ పత్రికలో ఆ పద్ధతిని ప్రకటించింది. రేడియేషన్ ప్రభావం తరాల మీద ఎలా పడుతుందో తెలుసుకోవడం ఆయన అసలు ఉద్దేశం. అరుదైన పేరు కలిస్తే ఎక్కువ నమ్మొచ్చు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ నమ్మాలి అన్న ఇంగితాన్ని ఆయన లెక్కలోకి తెచ్చాడు. 1969లో ఐవాన్ ఫెలెగీ, అలన్ సంటర్ దానికి గణిత సిద్ధాంతం కట్టారు. ఫెలెగీ ఆ తర్వాత కెనడా ప్రధాన గణాంకాధికారిగా రెండు దశాబ్దాలకు పైగా పనిచేశాడు.

వాళ్ల సిద్ధాంతం సారం చెప్పడం కష్టమేమీ కాదు. ప్రతి గడికీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇద్దరూ నిజంగా ఒకరే అయితే ఈ గడి ఎంత తరచుగా కలుస్తుంది? ఇద్దరూ వేరైతే యాదృచ్ఛికంగా ఎంత తరచుగా కలుస్తుంది? ఈ రెండింటి నిష్పత్తి నుంచి ఆ గడికి ఒక బరువు వస్తుంది. బరువులన్నీ కూడితే ఒక మొత్తం వస్తుంది. అది పై గీత దాటితే ఒకే మనిషి, కింది గీతకు దిగువన ఉంటే వేరు మనుషులు, మధ్యలో పడితే మనిషి కూర్చుని చూడాలి. హైదరాబాదు ఆర్డర్లలో ‘రెడ్డి’ కలిసిందంటే పెద్దగా తేలిందేమీ లేదు. అరుదైన ఇంటిపేరు కలిసి, దానికి పిన్‌కోడు కూడా తోడైతే బరువు బాగా పెరుగుతుంది. నా దృష్టిలో ఈ సిద్ధాంతంలో అన్నిటికన్నా విలువైనది ఆ మధ్య భాగం. తెలియని దాన్ని తెలియదని ఒప్పుకుని పక్కన పెట్టే చోటు అది. ఇవాళ దుకాణాలకు అమ్మే సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా మాయమయ్యేదీ అదే. అవును కాదు అన్న రెండు జవాబులే ఉంటాయి, మధ్యలో ఉన్నవన్నీ అవునులోకి నెట్టేస్తారు.

తెలుగు పేర్ల దగ్గరికి వస్తే ఈ పోలిక ఇంకా చిక్కుపడుతుంది, ఎందుకంటే ఫారాల్లో వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తాం. పలుకుబడిని బట్టి పేర్లు కలిపే సౌండెక్స్ అనే పద్ధతికి 1918లో రాబర్ట్ రస్సెల్ అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, ఆ తర్వాతి హల్లులను ఆరు గుంపులుగా చూసి మూడు అంకెలు ఇస్తారు. లక్ష్మి పేరును కె, ఎస్, హెచ్ వేసి రాసినా, ఒక్క ఎక్స్‌తో రాసినా ఎల్250 వస్తుంది. శ్రీనివాస్‌ను ఒక ‘ఐ’తో రాసినా రెండు ‘ఇ’లతో రాసినా ఎస్651. ఇంతవరకూ బాగుంది. తెలంగాణలో తరచుగా వినే యెల్లయ్య పేరును తీసుకోండి. కొందరు ‘వై’తో మొదలుపెట్టి రాస్తారు, కొందరు ‘ఇ’తో మొదలుపెడతారు. ఒకటి వై400, రెండోది ఇ400. ఒకే మనిషి రెండు పెట్టెల్లో పడతాడు. మరోవైపు రమ, రాము, రమ్య ముగ్గురికీ ఆర్500 వస్తుంది. అత్తా మామా కోడలూ ఒకే ఇంట్లో, ఒకే చిరునామాలో ఉంటే ఆ ముగ్గురినీ ఒకరిగా చేసేస్తుంది.

ఫారంలో ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గడులుంటాయి. ఇంటిపేరు ముందు వచ్చే మనవాళ్లలో కొందరు మొదటి గడిలో ఇంటిపేరు రాస్తారు, కొందరు రెండో గడిలో రాస్తారు, ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టేవాళ్లూ ఉంటారు. వాట్సాప్ ప్రొఫైల్ పేరు మీద ఆశ పెట్టుకోవడం ఇంకా దండగ. అక్కడ సాయిరాం అనో అమ్మ అనో ఉంటుంది. ఇక దుకాణం వాళ్లు తమ ఫోన్లో సేవ్ చేసుకున్న పేర్లు చూస్తే ‘రమాదేవి మేడం కూకట్‌పల్లి’, ‘గుంటూరు ఆంటీ కాటన్’ అని ఉంటాయి. ఆ దుకాణదారుకు అవి ఎంతో పనికొచ్చే గుర్తులు. ఆవిడ ఏం ఇష్టపడుతుందో, ఎంత దూరం నుంచి కొంటుందో అందులో ఉంది. యంత్రానికి వాటితో పనిలేదు. వ్యాపారం తెలిసిన మనిషి జ్ఞాపకం ఆ లిస్టులో ఉందన్న సంగతి సాఫ్ట్‌వేరు అమ్మేవాళ్లు గుర్తించరు. లిస్టు ‘శుభ్రం’ చేసే పేరుతో ముందుగా చెరిపేది ఆ పేర్లనే.

చిరునామాకూ తన కష్టాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. చీరాలలో ఉన్న కస్టమరు 2021 ఆర్డరులో ప్రకాశం జిల్లా, 2023 ఆర్డరులో బాపట్ల జిల్లా. మనిషి ఇల్లు కదల్లేదు, జిల్లా కదిలింది. 2016లో తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పోచంపల్లి నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరికి మారింది. అందుకే జిల్లాను వదిలేసి పిన్‌కోడును పట్టుకోవడం మేలు.

ఇప్పుడు తప్పుల సంగతి. కలవాల్సినవి కలవకపోతే ఒక రకం తప్పు, కలవకూడనివి కలిసిపోతే మరో రకం. జనాభా లెక్కల్లో ఈ రెండూ కొంతవరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, మొత్తం సంఖ్య మరీ చెడదు. మెసేజీలు పంపే దుకాణంలో అలా కాదు. జత కలవకపోతే ఒకావిడకు ఒకే ప్రకటన రెండుసార్లు వెళ్తుంది. 2025 జులై నుంచి వాట్సాప్ బిజినెస్ వేదిక మెసేజికి ఇంత అని వసూలు చేస్తోంది కాబట్టి కొంత డబ్బు పోతుంది. పోతే పోయింది. జత తప్పు కలిస్తే మాత్రం ఒకరు కొన్న వస్తువు, ఆవిడ ఇంటి చిరునామా, పార్సిల్ వచ్చే రోజు ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్లోకి వెళ్తాయి. చీర అయితే సరే అనుకోవచ్చు. మందుల దుకాణమైతే? గర్భ పరీక్ష కిట్ అయితే? కూతురు తన డబ్బుతో కొనుక్కున్నది తండ్రి ఫోన్లో కనిపిస్తే? ఈ రెండు తప్పుల్నీ ఒకే తక్కెడలో తూచే పద్ధతి ఏదైనా ఈ పనికి పనికిరాదని నేను గట్టిగా నమ్ముతాను.

నంబరు అక్షరాలా కలిసినా చాలదు. నంబర్లు చేతులు మారతాయి. వాడకం లేకో, కోరిక మీదో రద్దయిన నంబరును కనీసం 90 రోజుల వరకు వేరేవాళ్లకు ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. 2023 నవంబరులో ఆ కేసు ముగిస్తూ కోర్టు, పాత వాడకందారు తన వాట్సాప్ ఖాతాను తొలగించుకుని జాగ్రత్తపడొచ్చని పేర్కొంది. 90 రోజుల తర్వాత ఆ నంబరు ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. దుకాణం రికార్డులో మాత్రం మూడేళ్ల కిందటి యజమానే ఉంటారు. 2021లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కెవిన్ లీ, అరవింద్ నారాయణన్ అమెరికాలో కొత్తవారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న 259 నంబర్లు తీసుకుని చూస్తే, 171 నంబర్లు ప్రసిద్ధ వెబ్‌సైట్లలో ఎవరివో పాత ఖాతాలకు ఇంకా అతుక్కునే ఉన్నాయి. అంటే నంబరు కలయికకు వయసు ఉంటుంది. నిన్నటి ఆర్డరుతో కలిసిన నంబరుకు ఉన్న నమ్మకం నాలుగేళ్ల కిందటి ఆర్డరుతో కలిసిన నంబరుకు ఇవ్వకూడదు. ఈ మాట సాఫ్ట్‌వేరు సెట్టింగుల్లో ఎక్కడా కనిపించదు. దుకాణమే రాసిపెట్టుకోవాలి.

చేతులు మారకపోయినా ఒకే నంబరు వెనక చాలామంది ఉంటారు. మన ఇళ్లలో ఇది మామూలు. అబ్బాయి డాలస్‌లో కూర్చుని గుంటూరులో ఉన్న అమ్మకు పుట్టినరోజు చీర ఆర్డరు పెడతాడు. బిల్లింగ్ పేరు అతనిది, ఈమెయిల్ అతనిది, కార్డు అమెరికాది. డెలివరీ గడిలో అమ్మ పేరు, అమ్మ నంబరు. అమ్మ అప్పటికే ఆ దుకాణం వాట్సాప్ లిస్టులో ఉంది. ఇప్పుడు నంబరు మీద కలిపితే కస్టమరు అమ్మ అవుతుంది, ఈమెయిల్ మీద కలిపితే కొడుకు అవుతాడు. ‘మీ ఆర్డరు రేపు వస్తుంది, ధర ఇంత’ అని ముందే అమ్మకు మెసేజి వెళ్తే అతను దాచుకున్న ఆనందం పోయినట్టే. ఈ ఆర్డరులో ఇద్దరు మనుషులున్నారు, కొన్నవారు ఒకరు, అందుకునేవారు ఒకరు. రికార్డులో రెండు గడులు వేరుగా ఉంచి, ఏ మెసేజి ఎవరికి వెళ్లాలో వేరుగా నిర్ణయించడమే దీనికి మార్గం. డెలివరీ నంబరుకు డెలివరీ సంగతి తప్ప మరేదీ వెళ్లకూడదు.

పెద్ద కంపెనీలు ఈ పనిని నంబర్లు చూపించుకోకుండా చేస్తామంటాయి. 2012 నుంచి ఫేస్‌బుక్‌లో ప్రకటనదారు తన కస్టమర్ల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్ల జాబితా ఎక్కించి వాళ్లకే ప్రకటనలు చూపించే వీలుంది. ఎక్కించేముందు ఒక్కో నంబరును ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో 64 అక్షరాల గజిబిజి వరుసగా, అంటే హ్యాష్‌గా మారుస్తారు. రెండు వైపులా హ్యాష్‌లు కలిస్తే మనిషి కలిసినట్టు. నంబరు ఒక వైపు 91తో, మరో వైపు 91 లేకుండా ఉంటే హ్యాష్‌లు పూర్తిగా వేరుగా వస్తాయి కాబట్టి ఇందాకటి శుభ్రత ఇక్కడ మరీ ముఖ్యం. ఇంతకంటే ముఖ్యమైన సంగతి, హ్యాష్ చేసిన ఫోన్ నంబరు దాచినట్టు కాదు. మన దేశంలో 6 నుంచి 9 దాకా మొదలయ్యే పదంకెల నంబర్లు ఎంత లెక్కేసినా 400 కోట్లకు మించవు. అన్నిటికీ హ్యాష్ కట్టి పట్టిక వేసుకోవడం మామూలు గ్రాఫిక్స్ కార్డుకు పెద్ద పనేమీ కాదు. హ్యాష్ చేసినంత మాత్రాన సమాచారం అనామకం కాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జులైలో స్పష్టంగా చెప్పింది. నంబర్ల సంఖ్యకు ఇలా హద్దు ఉంది కాబట్టే, వాటిని ఒక్కొక్కటే పరీక్షించి ఎవరు వాట్సాప్‌లో ఉన్నారో పట్టేయడం సాధ్యమని 2021లోనే జర్మనీ పరిశోధకులు చూపించారు. 2025లో వియన్నా పరిశోధకులు అదే దారిలో 350 కోట్ల ఖాతాలను లెక్కపెట్టగలిగారు.

గుప్తలిపి శాస్త్రంలో ఇంతకంటే నిజాయితీ గల దారి ఉంది. రెండు పక్షాల వాళ్లూ తమ జాబితా ఎదుటివాళ్లకు చూపించకుండా, రెండింట్లో ఉన్నవాళ్లెందరో మాత్రమే తెలుసుకునే పద్ధతులున్నాయి. 2019 జూన్‌లో గూగుల్ అలాంటి ఒక సాధనాన్ని అందరికీ తెరిచి ఇచ్చింది. మెసేజి చూసినవాళ్లలో ఎందరు కొన్నారు, మొత్తం ఎంత కొన్నారు అన్న లెక్కకు అది చాలు. ఒక మనిషికి మెసేజి పంపాలంటే మాత్రం ఆ మనిషి ఎవరో తెలియాలి కాబట్టి చిన్న దుకాణం సమస్య దీనితో తీరదు.

ఇక చట్టం. మన దగ్గర 2016 సెప్టెంబరు 23న ఢిల్లీ హైకోర్టు, ఆ నెల 25వ తేదీ దాకా పోగైన వాడకందార్ల సమాచారాన్ని ఫేస్‌బుక్‌తో పంచుకోవద్దని వాట్సాప్‌ను ఆదేశించింది. వాట్సాప్ 2021లో చేసిన షరతుల మార్పు మీద 2024 నవంబరు 18న కాంపిటీషన్ కమిషన్ ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రకటనల కోసం వాట్సాప్ సమాచారాన్ని అయిదేళ్లు పంచుకోకూడదని కమిషన్ పెట్టిన నిషేధాన్ని అప్పీలు ట్రైబ్యునల్ 2025 నవంబరులో కొట్టేసి, జరిమానాను నిలిపింది. ఇవన్నీ పెద్ద కంపెనీల కేసులు. చిన్న దుకాణాన్ని నేరుగా తాకేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. 2025 నవంబరులో దాని నిబంధనలు నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువుంది. ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకావిడ మందుల దుకాణంలో కొని, రసీదు మెసేజిగా పంపమని తన నంబరు ఇస్తుంది. దుకాణం ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. అక్కడితో ఆగాలి. ఆ నంబరును ప్రకటనల లిస్టుతో కలపడానికి వేరే అనుమతి కావాలి. ఆ అనుమతి కోరే నోటీసును తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు కల్పించాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. తప్పితే జరిమానా 50 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. బిల్లు వేసేటప్పుడు మొబైల్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది.

ఈ చట్టాన్ని భారమని అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. చట్టం కోరేదీ, మంచి జత కలవడానికి కావలసిందీ ఒకటే. కస్టమరు తనంతట తాను ‘ఈ ఆర్డరు నాదే, నాకు ఇక్కడ మెసేజి పెట్టండి’ అని చెప్పడమే అది. అలా చెప్పించడం సాంకేతికంగా ఎంతో తేలిక. ఆర్డరు పూర్తయ్యాక వచ్చే పేజీలో ‘వాట్సాప్‌లో వివరాలు కావాలా’ అన్న బటన్ పెట్టాలి. నొక్కితే వాట్సాప్ తెరుచుకుంటుంది. అందులో ఊహకు అందని ఒక చిన్న కోడు ముందే రాసి ఉంటుంది. కస్టమరు దాన్ని పంపితే ఆ మెసేజితో పాటు నంబరు వస్తుంది, కోడుతో ఆర్డరు దొరుకుతుంది. ఊహ అవసరం లేదు, పేర్లు పోల్చక్కర్లేదు. టెలిగ్రామ్‌లో లింకు చివర 64 అక్షరాల దాకా ఇలాంటి కోడు పెట్టుకోవచ్చు, మెసెంజర్ లింకుల్లోనూ ఆ సదుపాయం ఉంది. నంబరు ఇవ్వని సేవల్లో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. కోడుగా ఆర్డరు నంబరును పెట్టకూడదన్నది ఒక్కటే జాగ్రత్త. ఆర్డరు నంబర్లు వరుసగా ఉంటాయి, పక్క అంకె వేసి ఎవరైనా ఇంకొకరి ఆర్డరు తెరవగలరు. కోడు ఒక్కసారికే చెల్లాలి, కొద్ది రోజుల్లో గడువు తీరాలి.

దీనివల్ల లిస్టు నెమ్మదిగా పెరుగుతుందని, అందరూ బటన్ నొక్కరని దుకాణాల వాళ్లు అంటారు. నిజమే. కాని నొక్కినవాళ్లు మెసేజి కోరుకున్నవాళ్లు. కోరనివాళ్లు బ్లాక్ చేస్తారు, రిపోర్టు చేస్తారు. అవి పెరిగితే ఆ వ్యాపార నంబరుకు వాట్సాప్ ఇచ్చే నాణ్యత రేటింగు పడిపోతుంది, చివరికి కోరుకున్నవాళ్లకు పంపే మెసేజీలకూ అది అడ్డవుతుంది. మామూలు వాట్సాప్ యాప్‌లోని బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఈ విషయంలో నాకు ఇష్టం. ఒక లిస్టులో 256 మందే పడతారు, అది కూడా దుకాణం నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. చేనేత దుకాణాల వాళ్లు ‘మా నంబరు సేవ్ చేసుకోండి’ అని పదేపదే చెప్పేది అందుకే. అనుమతి అనే పేరు లేకుండానే అందులో అనుమతి ఉంది.

పేర్లు పోల్చే పాత విద్యకు పూర్తిగా సెలవు ఇవ్వమని నేను అనను. దుకాణం తన ఆర్డర్ల పుస్తకంలోనే ఒకే మనిషి రెండుసార్లు నమోదై ఉంటే వెతికి, మనిషి చేత చూపించి, సరిచేసుకోవడానికి ఫెలెగీ, సంటర్ల లెక్క చక్కగా పనికొస్తుంది. ఏ ఊళ్లో ఎన్ని అమ్ముడయ్యాయన్న లెక్కకూ పనికొస్తుంది. ఆ లెక్క చెప్పిన జత మీద ఒక్క మెసేజి కూడా బయటికి పోకూడదన్నదే నా షరతు.

మిగిలేది పాత లిస్టుల సంగతి. ఏళ్ల తరబడి ఎగ్జిబిషన్లలో, పెళ్లిళ్లలో, పార్సిల్ చీటీలతో పోగుచేసిన నంబర్లు వందలకొద్దీ ఉంటాయి. ఏ నంబరు ఎవరు ఎందుకు ఇచ్చారో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. వాటిని ఆర్డర్లతో కలిపేముందు చెయ్యాల్సింది, దుకాణం పేరు చెప్పి, మెసేజీలు కావాలో వద్దో తెలుగులో ఒక్కసారి అడగడం. కావాలన్నవాళ్లకు కోడు ఉన్న లింకు పంపి, వాళ్ల చేతే జత కలిపించుకోవచ్చు. వద్దన్నవాళ్లనూ జవాబివ్వనివాళ్లనూ ప్రకటనల లిస్టులోంచి తీసెయ్యాలి. వాళ్ల ఆర్డర్లు మాత్రం బిల్లుల కోసం, గ్యారంటీ కోసం ఆర్డర్ల పుస్తకంలో ఉండాల్సినంత కాలం ఉంటాయి. వాళ్లలో ఎవరైనా రేపు మళ్లీ కొంటే ఆ బటన్ అప్పుడు వాళ్లకూ కనిపిస్తుంది.